టీకి మోగుతున్న నా పొగ గంట

ఆదివారం, బందరు స్తంభం

పొగ పుస్తకంలో ముందు వాతావరణం రాయాలని ఆఫీసు రూలు. ఎండగా ఉంది. అయిపోయింది. ఇప్పుడు నా గంట సంగతి రాస్తాను.

నేను కొక్కిలిగడ్డ ఏడుకొండలు. చదువు రెండో తరగతి, అదీ సగం. నీలవేణి గాలి ఓడ మీద పొగ మనిషిని. ఓడలో ఎక్కడ పొగ లేచినా, పాడు వాసన వచ్చినా ముందు పసిగట్టి, జనాన్ని లేపి, మొహాలకి తొడుగులు పెట్టించి, గాలి బాగున్న వైపుకి తోలడం నా పని. చేరిన రోజున నా చేతికి ఇత్తడి గంట ఇచ్చారు. దాన్ని ఒక్కసారి ఊపితే గురక పెట్టేవాడు కూడా కళ్ళు తెరవకుండానే తొడుగు కోసం తడుముకునేవాడు.

తర్వాత సుగంధి వచ్చింది. సుగంధి మనిషి కాదు. గోడల్లో ఉండి వాసన చూసే యంత్రం. గొంతు మాత్రం తేనె. "ఇక పసిగట్టేది సుగంధి, మోగించేది సుగంధి. నీ గంటకి ప్రయాణికుల గుండెలు అదురుతున్నాయి" అని ఆఫీసు వాళ్ళు గంట లాగేసుకున్నారు. గుండెలు అదరడానికే కదయ్యా అది ఉన్నది!

పోనీ దాన్ని కరిగించి చెంబు చేసుకున్నా ఊరుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆఫీసుకి వెళితే మేనేజరు ముసునూరి శ్రీధర్ గారి బల్ల మీద కనపడింది. నేను చూస్తుండగానే ఆయన దాన్ని ఊపారు. నా కాళ్ళు వాటంతటవే లేచాయి, చెయ్యి తొడుగు కోసం జేబులోకి పోయింది. లోపలికి టీ వచ్చింది. "మీకూ కావాలా?" అన్నారాయన. ఆ మాట ఇన్నేళ్ళయినా నా గొంతు దిగలేదు.

ఇక ఓడ సంగతి. పొద్దున్నే ఓడని కట్టేసే స్తంభం కింద చెప్పులు తీయించాను. చెప్పుల్లో మేకులుంటాయి, మేకు రాపిడికి నిప్పురవ్వ లేస్తుంది, మా తల మీద ఉన్నదంతా గ్యాసు. అందుకని ఎక్కేవాళ్ళంతా చెప్పులు కిందే వదిలి, కంపెనీ ఇచ్చే బూడిదరంగు మేజోళ్ళు తొడుక్కోవాలి. అగ్గిపెట్టెలు కూడా కిందే.

చివరగా పోతుమూడి నాంచారమ్మ ఎక్కింది. రంగూన్‌లో ఎండుచేపల వ్యాపారం ఆమెది. వెనక గదిలోకి ఆమె పెట్టెలు చేరాయో లేదో గోడలోంచి సుగంధి పలికింది: "ఎండుచేప వాసన. ప్రమాదం లేదు. మీ ప్రయాణం హాయిగా సాగాలి."

"నీ దిష్టి తగలా! ఎక్కీ ఎక్కకముందే మొదలెట్టింది" అంది నాంచారమ్మ గోడతో.

నా పేరు మీద ఇప్పటికే రెండు ఎర్ర గీతలున్నాయని కూడా రాయాలి, కెప్టెనమ్మ రాయమంది. మొదటిది ఒక జడ్జీ గారి జుట్టు రంగు వల్ల. వైరు కాలుతోందని అరిచాను. ఆ వాసన తలకి రాసుకుంటారని నాకేం తెలుసు? రెండోది ఒక పెళ్ళికూతురి సాంబ్రాణి జుట్టు వల్ల. నిప్పు ఇంట్లోనే వదిలొచ్చిందట. రెండుసార్లూ ఓడ కిందికి దింపారు, రెండుసార్లూ ఏమీ లేదు. మూడో గీత పడితే నన్ను చెప్పుల స్టాండు దగ్గర కూర్చోబెడతారు. ఓడ పైనుంటుంది, నేను కింద జనం చెప్పుల మధ్య కూర్చుని దాని పొట్ట చూసుకుంటూ టోకెన్లు ఇవ్వాలి. అంతకన్నా సముద్రంలో దూకడం నయం.


సోమవారం, నీళ్ళ మీద

పొద్దున గొట్టాలు తుడిచాను. పైన చలి గనక ఇంజన్ల దగ్గర వేడెక్కిన గాలిని ఈ గొట్టాల్లోంచి గదుల్లోకి వదులుతారు. వెనక గదికి గాలి వచ్చేది ఎడమ వెనక ఇంజను నుంచి. ఆ గొట్టం మూతి దగ్గర ముక్కు పెట్టగానే ఏదో తగిలింది. పుల్లగా ఉంది, కింద ఎక్కడో జిడ్డుగా ఉంది. వర్షంలో తడిసి, మూటగట్టి మర్చిపోయిన మేజోళ్ళలాగా.

"ఎండుచేప వాసన" అంది సుగంధి.

"ఎండుచేప నాకు చెబుతావా? నేను పుట్టిందే ఎండేసిన నెత్తళ్ళ పక్కన!" అన్నాను. అది జవాబివ్వదు. రెట్టించి అడిగితే సముద్రంలో సూర్యోదయం గురించి చెబుతుంది.

వెనక గదిలో ఉన్న హెడ్మాస్టరు ఆచంట సోమయాజులు గారు మాత్రం యంత్రం వైపే. "చదువుకున్న యంత్రం చెబుతోంది గదా ఎండుచేప అని! నేను వెల్లుల్లి కూడా తిననివాణ్ణి. ఆ పెట్టెలు సముద్రంలో పారేయించండి" అన్నారు.

నాంచారమ్మ కొంగు బిగించింది. "పారేయించండి, పారేయించండి. ముందు వాసన చూసి పారేయించండి. ఏవయ్యో పొగాయనా, ఇటురా."

పెట్టెలన్నీ మైనం గుడ్డలో కుట్టి ఉన్నాయి. ఒక్కోటి నా చేతే విప్పించి నా ముక్కు కింద పెట్టింది. సావిడాయలు, నెత్తళ్ళు, రొయ్యపొట్టు. అబ్బ! ఇసకలో తిరగేసి తిరగేసి ఎండబెట్టిన సరుకు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది, ఆకలేసింది.

"ఇప్పుడు చెప్పు. నా సరుకు కంపా?"

"సరుకు బంగారం. ఉప్పు ఒక పాలు ఎక్కువైంది."

"నీ నోట్లో ఎక్కువైంది ఉప్పు" అని పెట్టె మూసేసింది. ఉప్పు ఎక్కువైన మాట నిజం.

కెప్టెన్ సలోమి దగ్గరికి వెళ్ళాను. నా కూతురి వయసు, నన్ను బాబాయ్ అంటుంది. మాట మెత్తన, పని గట్టి.

"అది చేప కాదమ్మా" అన్నాను.

"మరేంటి బాబాయ్?"

"తడి మేజోళ్ళలాగా ఉంది."

"ఓడలో అందరూ వేసుకున్నవి మేజోళ్ళే కదా" అంది. నవ్వలేదు పాపం, పెదవి కొరుక్కుంది. "ముందు గది గాలి వేరే ఇంజనుది, అందుకే నాకు తెలియట్లేదు. నీ మాట కాదనను. కానీ ఆ ఇంజను ఆపితే ఎదురుగాలికి ఓడ నిలవదు, కిందికి దింపాలి. ఊరికే దింపితే మూడో గీత నీకే. రుజువు పట్టుకురా."


మంగళవారం, ఇంకా నీళ్ళ మీదే

రుజువు కావాలంది గనక పొద్దున్నే అందరి మేజోళ్ళూ విప్పించాను. పిల్లలు ఇచ్చారు, ఆడవాళ్ళు తిట్టి ఇచ్చారు, సోమయాజులు మాస్టారు మాత్రం "ఇది ఏ సెక్షను కింద?" అని అడిగి ఇచ్చారు. అన్నీ వంటగదిలో సబ్బేసి ఉతికాను. వెచ్చగా ఉండేది అక్కడే గనక సాంబారు గుండిగ మీద తాడు కట్టి ఆరేశాను.

వంటవాడు మస్తాన్ వలీ గరిటె ఎత్తాడు. "ఏడుకొండలన్నా, ఇవి తీస్తావా, సాంబార్లో వేసి తిప్పమంటావా?"

"ఆరనీరా, ఓడ కోసం."

"ఓడ కోసం నేను ఉప్పు చూసేటప్పుడు హెడ్మాస్టరు గారి మేజోడు నా నెత్తిన కారింది."

వాడి వంటకి అది కలిసొచ్చిందేమో, ఇవాళ సాంబారు బాగుందని ముగ్గురు అడిగి వేయించుకున్నారు.

ఇక్కడొక సంగతి రాయాలి. గంట పోయినప్పటి నుంచి మస్తాన్ భోజనానికి పళ్ళెం మీద గరిటెతో కొట్టి పిలుస్తాడు. ఆ మోత వినగానే జనం ఉన్న పళంగా పళ్ళేలు పట్టుకుని వెనక గదికి వస్తారు, వంటగది కిటికీ అటే ఉంది గనక. తొక్కిసలాట చూడాలి. ఆ వేగం నేను ఎన్నేళ్ళు నేర్పినా తొడుగులు పెట్టుకోవడంలో రాలేదు వీళ్ళకి.

మేజోళ్ళు ఆరాయి. ఓడంతా సబ్బు వాసన. వెనక గదిలో మాత్రం అదే పులుపు, అదే జిడ్డు. చేప కాదు, మేజోళ్ళూ కాదు.

మధ్యాహ్నానికి నాంచారమ్మ కణతలు నొక్కుకుంటూ కూర్చుంది. ఆమెని చూసి నాకు మొదటిసారి భయమేసింది.

"ఏమైంది?"

"నాలిక మీద రాగి పైసా పెట్టుకున్నట్టుంది. తల బరువు. నీ మొహం చూసి అనుకున్నాలే."

మాస్టారు పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు. "మాస్టారూ!" అంటే "ప్రెజెంట్" అన్నారు.

పరుగున వెళ్ళి కెప్టెనమ్మకి చెప్పాను. ఈసారి పెదవి కొరుక్కోలేదు. పొద్దుట్నుంచి ఎడమ వెనక ఇంజను ఎప్పుడు జోరు పెంచిందో, ఎప్పుడు తగ్గించిందో చెప్పింది. వాసన ఎప్పుడు ఎక్కువైందో, ఎప్పుడు తగ్గిందో నేను చెప్పాను. రెండూ కలిసిపోయాయి.

"ఇంజను నూనె ఎక్కడో కారి, వేడికి ఆవిరై గాలి గొట్టంలో పడుతోందేమో బాబాయ్" అంది.

"ఆ మాటే నేనంటున్నది!"

"నువ్వు మేజోళ్ళన్నావు."

ఆ గొట్టం వెంటనే సగానికి మూసింది, వెనక గదివాళ్ళని ముందు గదిలో పడుకోబెట్టమంది. పూర్తిగా మూయాలంటే ఇంజను ఆపాలి. పొద్దున్నకి ఎదురుగాలి తగ్గుతుందట, తగ్గగానే ఆపి చూద్దామంది. నాకు నచ్చింది. మస్తాన్‌తో చెప్పాను, ఈ పిల్ల చేతిలో ఓడ కాదు, ఊరు పెట్టినా నడుపుతుందని.


బుధవారం, మధ్యాహ్నం రాస్తున్నాను

ఫలహారం అయ్యింది, ఎదురుగాలి ఇంకా తగ్గలేదు. మాస్టారు ముందు గదిలో ఇరుకుగా ఉందని, ఎవరికీ చెప్పకుండా వెనక గదిలోని తన పడకకి పోయారని తర్వాత తెలిసింది. నేను గొట్టం చూద్దామని వెళ్ళి తలుపు తీశాను. గొట్టం మూతిలోంచి నీలంగా, పలచగా పొగ. నేల మీద పాకుతున్న పిల్లిలాగా చప్పుడు లేకుండా వస్తోంది.

గోడ మీద ఎర్ర బటన్ గుద్దాను. గంట లాక్కుని దాని బదులుగా ఆఫీసు పెట్టింది ఇదే. నొక్కితే ఓడంతా కూత మోగాలి. కానీ సుగంధి ఒప్పుకుంటేనే మోగుతుంది.

"మీ విన్నపం పరిశీలనలో ఉంది" అంది సుగంధి.

"పొగే! కళ్ళు లేవా నీకు?"

"ఎవరో ఎండుచేపలు వేయిస్తున్నారు. వంటగదికి తెలియజేశాను. మంచి ఆకలి కలగాలని కోరుకుంటున్నాను."

వంటగది కిటికీలోంచి మస్తాన్ తల బయటికి పెట్టాడు. "అన్నా, నేను చేపలేవో మాడుస్తున్నానంట, ఏందిది?" పొగ చూశాడు. కెప్టెనమ్మకి ఫోను చేయడానికి లోపలికి దూకాడు.

నాకు మోత కావాలి. ఓడంతా వినపడే మోత. చేతికి మస్తాన్ స్టీలు పళ్ళెం దొరికింది, పక్కనే గరిటె. మొహానికి తొడుగు లాక్కుని పళ్ళెం సొట్టలు పోయేట్టు కొట్టాను.

వచ్చారు. ఓరి దేవుడా, ఎంత బాగా వచ్చారు! ముందు గది మొత్తం పళ్ళేలు పట్టుకుని వెనక్కి పరుగెత్తుకొచ్చింది. పొగ నుంచి పారిపొమ్మని నేను కొడుతున్నాను, వాళ్ళు పొగలోకి లైను కడుతున్నారు. నేను గట్టిగా కొట్టినకొద్దీ వెనకున్నవాడు ముందువాణ్ణి తోస్తున్నాడు.

"ఇప్పుడే గదా ఇడ్లీ పెట్టారు, మళ్ళీ ఏంటో?"

"చేపల వేపుడంట, గోడ చెప్పింది."

"పొగ చూస్తే మాడినట్టుందే."

"మాడినా పర్లేదు, తోయకండి."

తొడుగులోంచి నేను అరిచేది నాకే వినపడటం లేదు. చేతులూపితే, ఒకాయన నాకు నమస్కారం పెట్టాడు. పొగ మోకాళ్ళ దాకా వచ్చింది. ఎవరో దగ్గారు. పళ్ళెం పారేద్దామనుకున్నాను గానీ, మోత ఆగితే వడ్డన మొదలైందని ఇంకా తోస్తారు. ఇన్నేళ్ళ నౌకరీలో నా కళ్ళలో నీళ్ళు తిరిగింది అప్పుడే. నా చేతులారా జనాన్ని పొగలోకి పిలిచాను.

అప్పుడు నాంచారమ్మ బెంచీ ఎక్కింది. కొంగు ముక్కుకి అడ్డం కట్టి, చేపల రేవులో వేలంపాట పాడే గొంతు ఒకటి వదిలింది. అలల మీద పడవలకి వినపడే గొంతు అది.

"పొగ రా సచ్చినోళ్ళారా! కూడు కాదు, పొగ! పళ్ళేలు పారెయ్యండి! వంగండి! ముందు గదికి పదండి! ఒరేయ్ ఎర్రచొక్కా, నిన్నే, పళ్ళెం ఇంకా సంకలో ఎందుకురా?"

ఒక్క క్షణం అందరూ ఆగారు. తర్వాత పళ్ళేలు నేల మీద పడిన మోతకి ఓడ అదిరింది. వంగారు. వెనక్కి తిరిగారు. మస్తాన్ తడిగుడ్డలు మొహాల మీదకి విసురుతున్నాడు, నేను తొడుగులు పంచుతూ తోలుతున్నాను.

అంతలో కెప్టెనమ్మ గొంతు వచ్చింది, నిదానంగా, పాఠం చదివినట్టు. "ఎడమ వెనక ఇంజను ఆపేశాను. ఆ గాలి కట్టేశాను. ఓడ దించుతున్నాను, ముందుకి వాలుతుంది, కూర్చోండి. బాబాయ్, లెక్క చూసి తలుపు మూయి."

లెక్క చూస్తే ఒకరు తక్కువ. మాస్టారు! నేల మీద పాక్కుంటూ పడకల దాకా వెళ్ళాను. ఆయన నిద్రపోతున్నారు, లేపితే లేచే నిద్ర కాదది. చంకల కింద చేతులేసి లాగాను. గడప దగ్గర నా ఊపిరి అయిపోతుంటే నాంచారమ్మ ఇంకో చెయ్యి పట్టుకుంది. ఇద్దరం కలిసి ముందు గదిలో పడేసి తలుపు మూశాం.

ఓడ నీళ్ళకి దగ్గరగా దిగింది. కెప్టెనమ్మ కిటికీలన్నీ తెరిపించింది. ఉప్పుగాలి గుప్పుమని కొట్టింది. ఎంత మంచి గాలి! అందరూ కిటికీలకి వేలాడి నోళ్ళు తెరిచి తాగారు. మాస్టారు దగ్గి, కక్కుకుని, కళ్ళు తెరిచారు. తన మొహం మీద ఉన్నది నాంచారమ్మ కొంగని చూసుకున్నారు.

"అమ్మా, ఇది ఎండుచేప వాసన" అన్నారు.

"అవునండి. ఇదీ ఎండుచేప వాసనంటే. ఇప్పుడు తెలిసిందా తేడా?"

"తెలిసింది" అని మళ్ళీ కళ్ళు మూసుకుని ఆ కొంగులోనే గట్టిగా గాలి పీల్చుకున్నారు.

అప్పుడు, అంతా అయ్యాక, సుగంధి పలికింది. "స్వచ్ఛమైన సముద్రపు గాలి గుర్తించాను. జాగ్రత్త! ప్రమాదం!" ఓడంతా కూత మోగింది. మస్తాన్ గోడ దగ్గరికెళ్ళి గరిటెతో ఒక్కటిచ్చాడు.

ఇంజను తెరిచి చూస్తే కెప్టెనమ్మ అన్నట్టే ఉంది. నూనె కారకుండా పట్టే బిగింపు అరిగి, ఆ నూనె గాలి గొట్టంలోకి కారింది. సుగంధికి ఆ తెగులు ఎందుకొచ్చిందో కూడా ఆమే చెప్పింది. ఈ దారిలో ప్రతిసారీ ఎండుచేప ఎక్కుతుంది. ప్రతిసారీ సుగంధి గోల చేసేది. నోరు మూయించడానికి సిబ్బంది దాని తెర మీద, ఇది చేపే అన్నట్టు, చేప బొమ్మ నొక్కేవాళ్ళు. వాసన ఏదైనా సరే, చేప బొమ్మ. ఏళ్ళ తరబడి అదే పాఠం చెబితే దానికి లోకంలో ఉన్న వాసన ఒక్కటే అయిపోయింది. పాపం దాని తప్పు కాదు. కెప్టెనమ్మ తను కూడా నొక్కానంది. మస్తాన్ రోజూ నొక్కానన్నాడు. నేను నొక్కలేదు. ఆ బొమ్మ తెర మీద ఎక్కడుంటుందో నాకు ఎవరూ చూపించలేదు.


గురువారం, రంగూన్ స్తంభం

మూడు ఇంజన్లతో ఈడ్చుకుంటూ వచ్చి కట్టేశాం. అందరూ తమ కాళ్ళ మీద దిగారు. మాస్టారు నాంచారమ్మ పెట్టె ఒకటి మోశారు, ముక్కు పక్కకి తిప్పుకునే మోశారనుకోండి.

స్తంభం కింద ఆఫీసు కబురు సిద్ధంగా ఉంది. కెప్టెనమ్మ చదివి వినిపించింది. సుగంధి ఆఫీసుకి పంపిన కబురు ప్రకారం బుధవారం ఓడలో ఎండుచేపలు వేయించారట. ప్రమాదం లేకుండానే పొగ మనిషి పళ్ళెం వాయించి తొక్కిసలాట తెచ్చాడట. మూడో ఎర్ర గీత. ఓడ తిరిగి బందరు చేరగానే చెప్పుల స్టాండు. సంతకం, ముసునూరి శ్రీధర్.

కెప్టెనమ్మ మొహం ఎర్రబడింది. అరిగిన బిగింపుని డబ్బాలో పెట్టి, తన సంతకంతో జవాబు రాసింది. "నీ జవాబు నువ్వు రాయి బాబాయ్, రెండూ కలిపి పంపుతా" అంది. ఇదే నా జవాబు. ఈ పేజీలు చించి పంపుతున్నాను.

శ్రీధర్ గారూ. పళ్ళెం వాయించింది నేనే. జనం పొగలోకి వచ్చింది కూడా నిజమే. పళ్ళెం మోగితే కూడు అని వాళ్ళకి తెలుసు, గంట మోగితే పొగ అని తెలిసేది. ఆ తెలిసిన మోతని మీరు బల్ల మీద పెట్టుకుని టీ తాగారు. నాంచారమ్మ గొంతు లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. ప్రతి ప్రయాణంలో ఆవిడని ఎక్కించుకోలేం, ఆవిడ నాకు తిట్లు ఎక్కువ పెడుతోంది.

నాకు కావలసినవి రెండు. మూడో గీత కొట్టెయ్యాలి. నా గంట నాకు రావాలి. వచ్చే గురువారం అక్కడ బయల్దేరే ఓడకి ఇస్తే, మాకులాగా ఎదురుగాలి లేకపోతే అది శనివారానికల్లా ఇక్కడికి చేరుతుంది. గంట లేకుండా తాడు విప్పేది లేదని కెప్టెనమ్మ అంది. వంట చేసేది లేదని మస్తాన్ అన్నాడు. వెనక్కి వచ్చే సరుకు ఇంకో ఓడకెక్కిస్తానని నాంచారమ్మ అంది. మాస్టారు పైవాళ్ళకి ఇంగ్లీషులో రాస్తానన్నారు, ఆయన రాస్తే పొడుగ్గా రాస్తారు.

మీ టీ ఆగిపోతుందని బెంగ వద్దు. ఈ ఉత్తరంతో పాటు సొట్టలు పడ్డ పళ్ళెం, గరిటె పంపుతున్నాను. బల్ల మీద పెట్టుకుని గట్టిగా కొట్టండి. ఎంతమంది వస్తారో మీరే చూస్తారు.

ఆ మర్నాడు ఆదివారం పొద్దున, ఇంజను బాగై తాడు విప్పే వేళకి ముందు, జవాబు నా చేతిలో ఉండాలి. మోగే జవాబు.